మూడు వ్యాపారాలు ఒకే చేతి మీద: నడిపేవాళ్లు మాట్లాడండి

త్రిశూలం

అందరికీ నమస్తే. "ఒకటే పట్టుకో, దాన్నే పెంచుకో" అన్న సలహా ఇక్కడ చాలాసార్లు చదివాను. నేను మూడు నడుపుతున్నాను, మూడూ పెరుగుతున్నాయి. అందుకే నా వైపు సంగతి రాస్తున్నాను. చివర్లో ఒక ప్రశ్న కూడా ఉంది.

మొదటిది అట్టపెట్టెల ప్రింటింగ్. మా దగ్గర పెట్టెలు కొనే పార్టీల దగ్గర ఆ పెట్టెల్ని మూసి అతికించే సీలింగ్ మెషీన్లు తరచూ మొరాయించేవి. "మీ మెకానిక్‌ని ఒకసారి పంపండి" అని ఫోన్లు. మొదట మొహమాటానికి పంపాం, తర్వాత డబ్బు తీసుకుని పంపాం, చివరికి అదే సర్వీసింగ్ కంపెనీ అయింది. మెషీన్ కొనలేనివాళ్లు అద్దెకిస్తారా అని అడగడంతో మూడోది మొదలైంది. పార్టీలు అవే, వాళ్ల అవసరాలే మూడు రకాలు.

టైమ్ చాలకపోవడం నన్నెప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బందంతా డబ్బు నడిచే తీరుతోనే. ప్రింటింగ్‌లో కాగితం కొన్న రోజు నుంచి పార్టీ బిల్లు కట్టేదాకా డబ్బు ఇరుక్కుపోతుంది. కాగితం 30 రోజులు గోడౌన్‌లో ఉండి, పని 10 రోజులు పట్టి, పార్టీ 60 రోజులకి కట్టిందనుకోండి, మొత్తం 100 రోజులు. కాగితం ఇచ్చినవాడు 30 రోజులు ఆగినా 70 రోజుల ఖర్చు నా జేబులోంచే. ఆర్డర్లు రెట్టింపైతే లాభం ఎప్పుడొస్తుందో గానీ, ఇరుక్కునే డబ్బు మాత్రం వెంటనే రెట్టింపవుతుంది. సర్వీసింగ్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఏడాది కాంట్రాక్టు డబ్బు ముందే వస్తుంది, పని తర్వాత. అద్దె మెషీన్లకి ఒకేసారి పెద్ద మొత్తం పోస్తే అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది.

ఈ మూడూ ఒకే బ్యాంకు ఖాతాలో ఉంటే సర్వీసింగ్ అడ్వాన్సులు చూసి మనం బాగా ఉన్నామనిపిస్తుంది. ఆ డబ్బు మనది కాదు. ఏడాదంతా చెయ్యాల్సిన పని అది, ఇంకా తీరని బాకీ.

ఇప్పుడు నాలుగోది తలుపు తడుతోంది. పాత మెషీన్లు కొని, బాగుచేసి అమ్మడం. దిగాలా వద్దా అన్నది ఎలా తేల్చుకుంటారో, నాకంటే ఎక్కువ నడిపినవాళ్లు చెప్పండి.

ఒకేగురి

అన్నా, మీరు బాగా నడుపుతున్నారు, సంతోషం. కానీ ఇది చదివి నలుగురు కుర్రాళ్లు మూడు బోర్డులు కట్టేస్తారని నా భయం.

ఇలాంటి చర్చ వస్తే ఎవరో ఒకరు ఎలన్ మస్క్ పేరు తెస్తారు, ముందే నేనే తెస్తాను. 2008 ఆగస్టు నాటికి ఆయన రాకెట్లు మూడు వరసగా విఫలమయ్యాయి. నాలుగోది సెప్టెంబరు 28న కక్ష్యలోకి వెళ్లింది. అదే సమయంలో టెస్లా ఖజానా అడుగంటింది, అక్టోబరులో సీఈఓ కుర్చీలో ఆయనే కూర్చున్నారు. డిసెంబరు 23న నాసా నుంచి 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఆ నాలుగో రాకెట్ కూడా కూలి ఉంటే ఈ కథని మనకి ఇంకోలా చెప్పేవాళ్లు. బతికి బయటపడ్డవాడి కథ చూసి దాన్నే పద్ధతి అనుకోకూడదు.

పెద్ద కంపెనీల లెక్కలూ ఇదే చెబుతున్నాయి. అమెరికాలో 1995లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, అనేక రంగాల్లో ఉన్న కంపెనీల విలువ వాటి ముక్కల్ని విడివిడిగా లెక్కిస్తే వచ్చే మొత్తం కంటే 13 నుంచి 15 శాతం తక్కువగా తేలింది. అన్ని రంగాల్లో చెయ్యి పెట్టిన జనరల్ ఎలక్ట్రిక్ కూడా చివరికి మూడు ముక్కలైంది. 2024 ఏప్రిల్‌తో ఆ విభజన పూర్తయింది.

రాత్రిబండి

ఒకేగురి గారూ, ఆ 1995 లెక్క మీద తర్వాత చాలా వాదన జరిగింది. ఇతర రంగాల్లోకి వెళ్లిన కంపెనీలు వెళ్లకముందే చవగ్గా ఉన్నాయనీ, సొంత రంగంలో ఎదుగుదల ఆగింది కాబట్టే బయటికి చూశాయనీ 2002లో వచ్చిన పరిశోధనలు చూపించాయి. అంటే విలువ తగ్గడానికి రెండో వ్యాపారమే కారణమని గట్టిగా చెప్పలేం.

నాకు అంతకంటే పెద్ద సమస్యగా కనబడేది బుర్ర. 2009లో సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు చూపించిందేమిటంటే, ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి మారితే మొదటి పని తలలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది, రెండో పని నాసిగా సాగుతుంది. రెండు కంపెనీలు నడిపేవాడికి ఇది రోజూ అనుభవమే. ఒక కంపెనీలో జీతాల గొడవ విని లేచొచ్చి రెండో కంపెనీలో రేటు మాట్లాడితే, ఆ రేటు ఎప్పుడూ తక్కువకే తెగుతుంది.

జాక్ డోర్సీ ట్విట్టర్, చెల్లింపుల కంపెనీ స్క్వేర్ రెండూ నడిపినప్పుడు రోజుకో అంశం పెట్టుకున్నానని చెప్పాడు. సోమవారం మేనేజ్‌మెంట్, మంగళవారం ప్రొడక్ట్, అలా. నేనూ అదే పాటిస్తున్నాను, కొంచెం మార్చి. నేను రోజుకో అంశం కాకుండా రోజుకో కంపెనీ పెట్టుకున్నాను.

ఒకేగురి

డోర్సీ కథ చివరిదాకా చెప్పండి మరి. 2020లో ఒక పెద్ద ఇన్వెస్టర్ సంస్థ వాటా కొని "సగం టైమ్ సీఈఓ వద్దు" అని పట్టుబట్టింది. 2021 నవంబరులో ట్విట్టర్ సీఈఓ పదవి వదిలాడు. మంగళవారం ప్రొడక్ట్ డే అని మనం అనుకుంటాం, పార్టీకి ఆ సంగతి తెలియదు కదా. వాడి మెషీన్ ఏ రోజు ఆగితే ఆ రోజే ఫోన్ చేస్తాడు.

రాత్రిబండి

ఆ ఫోన్ నాకు కాకుండా మేనేజరుకి వెళ్లాలి. అది కుదరనప్పుడు మీరన్నది నిజమే, రోజుల లెక్క కాగితం మీదే మిగులుతుంది.

పద్దులపిచ్చి

నేను లెక్కలు రాసే మనిషిని. ఒకే యజమానికి రెండు మూడు వ్యాపారాలున్న క్లయింట్లు నాకు చాలామంది. త్రిశూలం గారు డబ్బు గురించి రాసింది చదివి ఆగలేక రాస్తున్నాను.

ఎక్కువ వ్యాపారాలున్న చోట ఒకటి పోతుంది అంటే, అది పోయిన రోజుకి చాలా ముందే పోయి ఉంటుంది. మిగతావి దాన్ని మోస్తుంటాయి కాబట్టి బయటపడదు. ఒక్క వ్యాపారమే ఉన్నవాడికి ఈ సౌకర్యం లేదు, డబ్బు అయిపోగానే నిజం ఎదురుగా నిలబడుతుంది. మీకు పక్క కంపెనీ నుంచి "చేబదులు" దొరుకుతుంది. తారీఖు రాయరు, తిరిగిచ్చే గడువు ఉండదు, వడ్డీ అసలే ఉండదు. ఏడాది చివర నేను పద్దు తీసి "ఇది అప్పా, పెట్టుబడా?" అని అడిగితే "అంతా నాదే కదమ్మా" అంటారు. అంతా మీదే, ఒప్పుకుంటాను. కానీ ఏది తింటోంది, ఏది పెడుతోంది అన్నది మీకైనా తెలియాలి కదా.

నేను ప్రతి క్లయింటు చేతా చేయించేది ఒకటే. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి డబ్బు వెళ్తే బయటివాడికి అప్పు ఇచ్చినట్టే కాగితం రాయాలి. మొత్తం, వడ్డీ, గడువు. గడువు దాటితే పొడిగించవచ్చు, కానీ పొడిగిస్తున్నానని మళ్లీ సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం దగ్గర చాలామంది చెయ్యి ఆగుతుంది. ఆగాలనే ఆ పద్ధతి.

ఇంకో సంగతి. వేర్వేరు కంపెనీలు రిజిస్టర్ చేయించుకుని, ఒకటి మునిగినా రెండోది క్షేమమని నిద్రపోతుంటారు. చట్టం మాట నిజమే. లండన్‌లో తోలు బూట్లు చేసే సాలమన్ అనే వ్యాపారి కేసులో 1897లోనే కంపెనీ వేరు, యజమాని వేరు అని తీర్పొచ్చింది. అయితే బ్యాంకువాళ్లకీ ఆ తీర్పు తెలుసు, మనకంటే బాగా తెలుసు. అందుకే యజమాని చేత వ్యక్తిగత గ్యారంటీ రాయించుకుంటారు, ఒక కంపెనీ అప్పుకి రెండో కంపెనీ చేత షూరిటీ పెట్టిస్తారు. ఒక చోట వాయిదా తప్పితే మిగతా అప్పులు కూడా వెంటనే కట్టమనే షరతు ఉందేమో లోన్ కాగితాల్లో వెతకండి. ఉంటే మీ మూడు కంపెనీలూ బ్యాంకు దృష్టిలో ఒకటే కంపెనీ.

కొత్తచిగురు

మేడమ్, చాలా బాగా చెప్పారు. నాది చిన్న ప్రశ్న. ఉద్యోగం చేస్తూ ఒక వ్యాపారం నడుపుతున్నాను, రెండోది మొదలుపెట్టాలని ఉంది. ముందు ఉద్యోగం మానెయ్యాలా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

రాత్రిబండి

తమ్ముడూ, మానొద్దు. 2014లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం ఉంచుకుని వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి వచ్చినవాళ్లు విఫలమయ్యే అవకాశం, నేరుగా దూకినవాళ్ల కంటే మూడో వంతు తక్కువని తేలింది. కానీ ఉద్యోగం, ఒకటి, ఇంకోటి అంటే మూడవుతాయి. ఉద్యోగాన్నీ లెక్కలో వేసుకో.

ధనబాట_కోచ్

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్

కోర్సు లింకులు ఇక్కడ పెట్టకండి. "ఏడు ఆదాయ మార్గాలు" పోస్టు ఇదే వారంలో రెండోసారి తీసేస్తున్నాం. చర్చ కొనసాగించండి.

త్రిశూలం

పద్దులపిచ్చి గారూ, మీ చేబదులు మాట సూటిగా తగిలింది. డబ్బు విషయంలో మేం కాగితాలు రాసుకుంటున్నాం. డబ్బు రూపంలో లేని చేబదుళ్ల సంగతి ఒకటి చెబుతాను.

మా వ్యాన్ ప్రింటింగ్ కంపెనీది. మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందని సర్వీసింగ్ కుర్రాళ్లు తీసుకెళ్లేవారు. ఒకసారి లాగ్‌బుక్ తెచ్చి డ్రైవరు సీటు పక్కన తాడుతో కట్టించాను. ఎవరు తీసుకెళ్లినా బయల్దేరేటప్పుడు రీడింగ్, తిరిగొచ్చాక రీడింగ్, ఎవరి పని మీద అన్నది రాయాలి. నెలాఖరున ఆ కిలోమీటర్లకి బయట అద్దె వ్యాన్ రేటు వేసి సర్వీసింగ్ మీద బిల్లు వేయించాను. అందరూ నవ్వారు. "సార్, కుడి జేబులోంచి ఎడం జేబుకి బిల్లా" అని ప్రింటింగ్ సూపర్‌వైజరే అన్నాడు.

మూడు నెలల బిల్లులయ్యాక సర్వీసింగ్ లాభం చూస్తే సగం లేదు. దూరపు కాంట్రాక్టులన్నీ మా వ్యాన్ పుణ్యాన నడుస్తున్నాయి. దగ్గరి పార్టీల మీద లాభం బాగుంది, దూరపు పార్టీల మీద వస్తున్నది సున్నా. కాంట్రాక్టులు రెన్యూ చేసేటప్పుడు దూరపువాళ్లకి ప్రయాణం ఖర్చు విడిగా పెట్టాం. కొందరు వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక లాభం పెరిగింది.

ఇలాగే స్టోర్ రూమ్, అకౌంటెంట్ జీతం, నా జీతం కూడా పంచాం. అవును, నాకూ జీతం ఉంది. మూడూ కలిసి కడతాయి. యజమాని ఊరికే పనిచేస్తుంటే ఏ వ్యాపారమైనా లాభంలోనే కనిపిస్తుంది.

గేట్‌పాస్

త్రిశూలం అన్నా, ఈ బిల్లుల పద్ధతిలో ఒక తంటా ఉంది, ముందే చెబుతున్నా. నాకు రెండు యూనిట్లు. మేనేజర్లకి వాళ్ల యూనిట్ లాభంలో వాటా ఇచ్చాను. పని అద్భుతంగా నడిచింది, ఇద్దరి మధ్య మాటలు మాత్రం ఆగిపోయాయి. పక్క యూనిట్‌కి మనిషిని రెండు గంటలు పంపమంటే "బిల్లు వేసుకోవచ్చా?" అని అడుగుతారు. పార్టీ ఒకడే అయినా ఈయన బాకీ వసూలు చేస్తూ ఆయన బాకీ మాటే ఎత్తడు.

ఇప్పుడు వాటాని రెండుగా చీల్చాను. పెద్ద భాగం సొంత యూనిట్ మీద, చిన్న భాగం మొత్తం మీద. కాస్త మెరుగు. మేనేజరు తనంతట తాను ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో, ఎంత డిస్కౌంట్ ఇవ్వొచ్చో, ఎవర్ని పనిలోకి తీసుకోవచ్చో రాసిచ్చాను. ఆ హద్దు లోపల తప్పు చేసినా నేను మాట్లాడను. మొదట్లో నాలుక కరుచుకుని కూర్చోవాల్సి వచ్చింది.

అసలు మనుషులు తయారు కావడానికి పట్టే కాలమే మన వేగం. ఎడిత్ పెన్‌రోజ్ అనే ఆర్థికవేత్త 1959లోనే ఇది చెప్పింది. డబ్బూ మార్కెట్టూ ఉన్నా, లోపల పని తెలిసిన మేనేజర్లు ఎంతమంది ఉంటే సంస్థ అంతే పెరగగలదని. కొత్తవాళ్లని తెచ్చినా వాళ్లకి నేర్పేది పాతవాళ్లే, నేర్పినంతసేపూ పాతవాళ్ల పని ఆగుతుంది. స్టీవ్ జాబ్స్ 1997 నుంచి 2006 దాకా యాపిల్, యానిమేషన్ సినిమాల కంపెనీ పిక్సర్ రెంటికీ అధిపతిగా ఉన్నాడని గొప్పగా చెప్పుకుంటాం. పిక్సర్‌లో రోజువారీ పని చూసింది ఎడ్ క్యాట్మల్, జాన్ లాసెటర్. పిక్సర్ ఆయన చేతికి వచ్చింది 1986లో, యాపిల్‌కి తిరిగెళ్లేనాటికి ఆ జట్టు పదేళ్ల పాతది.

అందుకని నాలుగోదానికి నా ప్రశ్న ఒకటే. దాన్ని నడిపే మనిషి ఇప్పటికే మీ దగ్గర ఉన్నాడా? ఉంటే అతని ప్రస్తుత కుర్చీలో ఎవరు కూర్చుంటారు?

అమ్మేశాను

పేరు చూస్తే తెలిసిపోతుంది కదా. నాకు నాలుగుండేవి, ఇప్పుడు రెండు.

మూసెయ్యడం, అమ్మడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు మనం అమ్మాలనుకునేది చెడ్డదాన్ని. కొనేవాడు అడిగేది మంచిదాన్ని. రిచర్డ్ బ్రాన్సన్ 1992లో విమానాల కంపెనీని నిలబెట్టడానికి అమ్ముకున్నది తన మొదటి బిడ్డ లాంటి పాటల కంపెనీ వర్జిన్ రికార్డ్స్‌ని. నేనూ బాగా నడిచేదాన్నే అమ్మాను, మంచి ధర వచ్చింది. ఆ అమ్మకం సాఫీగా జరగడానికి కారణం పద్దులపిచ్చి గారు చెప్పిన కాగితాలే. కొనేవాడి మనిషి వచ్చి మొదట అడిగింది "ఈ కంపెనీకీ మీ మిగతా కంపెనీలకీ మధ్య లావాదేవీలు చూపించండి" అని. ఫైలు బల్ల మీద పెట్టాను. అవి లేకపోతే ధర కోసేస్తారు, లేదా లేచి వెళ్లిపోతారు.

రెండోది మూసేశాను. అది ఇంకా కష్టం. వారెన్ బఫెట్ అంతటివాడు 1965లో చేతికొచ్చిన బట్టల మిల్లుని 1985 దాకా లాగాడు. కానీ ఆ మిల్లు సంపాదించిన డబ్బుని తిరిగి మగ్గాల్లోనే పొయ్యకుండా ఇన్సూరెన్స్ లాంటి వేరే వ్యాపారాల్లో పెట్టాడు, అదీ తేడా. 1972లో కొన్న చాక్లెట్ల కంపెనీతోనూ అంతే. పెద్దగా పెట్టుబడి అడగకుండా అది ఏటా ఇచ్చిన డబ్బు మిగతా కొనుగోళ్లకి వెళ్లింది. చాలా వ్యాపారాలు ఉండటం వల్ల నిజమైన లాభం ఏదైనా ఉందంటే ఇదే, డబ్బుకి ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే వీలుంటుంది. మన దగ్గర మాత్రం ఆ డబ్బు ఎక్కువగా ఏడ్చే బిడ్డ దగ్గరికే పోతుంది.

ఒకేగురి

సరే, నేను కొంచెం మెత్తబడ్డాను. నా అభ్యంతరం ఇప్పుడు ఇంతే: ఈ లాగ్‌బుక్కులూ, అప్పు కాగితాలూ, మేనేజర్ల హద్దులూ మొదటి వ్యాపారంలోనే రాకపోతే రెండోదాంట్లో ఎవరూ మొదలుపెట్టరు.

పద్దులపిచ్చి

ఒకేగురి గారూ, దీనికి మాత్రం నేను పూర్తిగా మీ వైపే.

త్రిశూలం

గేట్‌పాస్ గారి ప్రశ్న మీద రెండు రోజులు కూర్చున్నాం. పాత మెషీన్ల పనికి సరిపోయే మనిషి ఒకడే ఉన్నాడు, అతనే మా సర్వీసింగ్‌కి మూలస్తంభం. కదిపితే అక్కడ ఖాళీ.

అందుకని బయటి నుంచి పాత మెషీన్లు కొనడం ఇప్పటికి పక్కన పెట్టాం. మా అద్దె మెషీన్లే కొన్ని వయసైపోయి వెనక్కొస్తున్నాయి. వాటిని బాగుచేసి అమ్మడం వరకు అద్దె కంపెనీలోనే ఒక భాగంగా మొదలుపెడతాం. ఎలాగూ వాటిని ఏదో ఒకటి చెయ్యాల్సిందే. అతని కింద ఒక కుర్రాణ్ణి తయారుచేస్తున్నాం. వాడు చేతికి అందొచ్చాక పెద్దగా చెయ్యాలా వద్దా చూస్తాం. మేడమ్, దీనికి విడిగా కంపెనీ ఎప్పుడు పెట్టాలి?

పద్దులపిచ్చి

బయటి భాగస్వామి వస్తున్నప్పుడు, ఎప్పటికైనా విడిగా అమ్మాలనుకున్నప్పుడు, లేదా అందులో వచ్చే నష్టం మిగతావాటిని ముంచేంత పెద్దదిగా ఉన్నప్పుడు. ప్రస్తుతానికి మూడూ లేవు. విడి పద్దు చాలు, విడి కంపెనీ అక్కర్లేదు. ప్రతి కంపెనీకీ ఏటా లెక్కలు, ఆడిట్, ఫైలింగులు అంటూ ఒక ఖర్చు ఉంటుంది. చెబితే నాకే నష్టం, అయినా చెబుతున్నాను.

ఒక్కటి మాత్రం మొదటి మెషీన్ అమ్మకముందే తేల్చుకోండి. బాగుచేసిన మెషీన్‌కి వారంటీ ఇస్తారు కదా. అది ఆగిపోతే వెళ్లేది సర్వీసింగ్ మనిషి, అమ్మిన లాభం అద్దె కంపెనీది. ఆ ఖర్చు కోసం అమ్మిన రోజే కొంత పక్కన పెట్టారా?

త్రిశూలం

పెట్టలేదు. మీ పోస్టు సర్వీసింగ్ మేనేజరుకి చూపించాను. పూర్తిగా చదవకుండానే "విజిట్‌కి ఎంత వేసుకోమంటారు సార్?" అన్నాడు. రేటు దగ్గర బేరం నడుస్తోంది. అద్దె కంపెనీ తరఫున నేను, వాడి తరఫున వాడు.

గేట్‌పాస్

వాడే గెలుస్తాడు అన్నా.